చిలుకమ్మ ఒడి బియ్యం

మట్టెవాడ, వరంగల్
9 ఆగస్టు 2025

చెల్లె స్నేహకు,

అమ్మవారి దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. నిన్న వరలక్ష్మీ వ్రతం చేసుకున్నాను. కలశానికి పోయినసారి నువ్వు తెచ్చిన రవికగుడ్డే పెట్టాను.

నువ్వు పంపిన నవల అందింది. పూజగదిలో పెట్టాను. చదవడానికి కార్తీకం దాకా తీరిక దొరకదు. పౌర్ణమికి అమ్మే వత్తుల కట్టలు ఇప్పటినుంచే చేసి పెట్టుకోవాలి. మీ బావ దూది మూటలు తెచ్చి దుకాణం నిండా పేర్చారు. కూర్చోవడానికి జాగా లేదు.

సింధుకు ఐదో నెల. దసరా వెళ్ళాక కరీంనగర్ నుంచి తీసుకొస్తాం. తొలి కాన్పు ఇక్కడే. లోపలి గదికి సున్నం వేయించాను.

ఈ ఏడు నీకు ఒడి బియ్యం పోయాలి. అమ్మ లేదు, అన్నదమ్ములు లేరు. నీకు పుట్టిల్లంటే ఇదే. కార్తీకంలో మంచిరోజు చూసుకొని రా. బియ్యం డబ్బాలో వేరే తీసి పెట్టాను. పోయినసారి పోసిన బియ్యం నువ్వు వండలేదు. పురుగు పట్టిందని నువ్వే నవ్వుకుంటూ చెప్పావు. ఒడిలో పోసుకున్న బియ్యం నేరుగా ఇంటికి తీసుకుపోయి, పొయ్యి వెలిగించి, మన వాళ్ళకు వండిపెట్టాలి. దారిలో కొంగు విప్పకూడదు. ఇవి అమ్మ చెప్పిన మాటలే. ఈసారి వండు.

నిన్న ఒక సంగతి జరిగింది. తాంబూలాలు తీసుకొని అందరూ వెళ్ళాక గడప బయట ఒక పిల్ల నిలబడి ఉంది. ఇరవై నాలుగేళ్ళుంటాయి. కనకాంబరం రంగు చీర, చేతిలో గుడ్డసంచి. వ్రతం పూట గడప దగ్గర నిలబడ్డ ముత్తైదువను పేరు అడగకుండా లోపలికి పిలవడం మన పద్ధతి. పిలిచాను. కాళ్ళకు పసుపు రాసి, తాంబూలం చేతిలో పెట్టాక అప్పుడు అడిగాను. పేరు చిలుకమ్మ అంది. నెక్కొండలో బండి ఎక్కి వరంగల్లో దిగిందట. ఇంటి దగ్గర మూడు నెలల బిడ్డ ఉందట.

మంచినీళ్ళు ఇద్దామని లేచేలోపే తనే వంటింట్లోకి వెళ్ళి, తలుపు వెనక గూట్లో ఉన్న ఇత్తడి చెంబు తీసుకుంది. ఆ చెంబు అక్కడ ఉంటుందని మనకు తప్ప ఎవరికి తెలుసు?

పక్కింటి పద్మ చూసి, “మీ చెల్లెనా వదినా? అచ్చం నీ పెండ్లి ఫొటో తీర్గనే ఉన్నది” అంది. నేను ఫొటో తీసి చూశాను. అలాగే ఉంది.

అమ్మ తరఫు చుట్టాలెవరైనా కావచ్చు. నువ్వేమైనా పంపావా? ఇక్కడే ఉంది. వెళ్ళమని అనలేకపోయాను. నా పక్కన కూర్చొని వత్తులు చేస్తోంది. చెయ్యి మంచిది.

ఆశీస్సులతో,
నీ అక్క


హైదరాబాద్
17 ఆగస్టు 2025

అక్కా,

నీ ఉత్తరం చదివి ముందు పగలబడి నవ్వాను. తర్వాత కాస్త భయం కూడా వేసింది. చిలుకమ్మ ఎవరో తెలుసా నీకు? నా నవలలో కథానాయిక. కనకాంబరం రంగు చీర, గుడ్డసంచి, నెక్కొండ స్టేషను, మూడు నెలల బిడ్డ, అన్నీ అందులో ఉన్నవే. ఎవరో పాఠకురాలు పుస్తకం మీద పిచ్చి ప్రేమతో ఆ పాత్రను ఒంటికి తొడుక్కొని నీ గడప తొక్కిందన్నమాట. ఇరవై ఏళ్ళుగా రాస్తున్నాను, ఇంత పెద్ద బహుమానం ఎవరూ ఇవ్వలేదు. మా ప్రచురణకర్తకు చెబితే నమ్మలేదు, ఫొటో ఉంటే పంపమన్నాడు. బావతో చెప్పి ఒకటి తీయించు.

కానీ జాగ్రత్త. బీరువా తాళాలు నీ దగ్గరే ఉంచుకో. నువ్వు ఎవరొచ్చినా కాళ్ళకు పసుపు రాసే రకం.

నవల గురించి తొందరేం లేదు అక్కా. నీకు కళ్ళు లాగుతాయి. ఒడి బియ్యానికి వచ్చినప్పుడు నేనే చదివి వినిపిస్తాను. కొన్ని చోట్ల ఎందుకలా రాశానో పక్కన కూర్చొని చెప్పాల్సి ఉంటుంది. అప్పటిదాకా పూజగదిలోనే ఉండనీ, దానికి అంతకన్నా మంచిచోటు ఎక్కడుంది.

సింధు గదికి సున్నం ఏమిటి అక్కా ఈ కాలంలో? పెయింట్ వేయించు.

ప్రేమతో,
స్నేహ


మట్టెవాడ
25 ఆగస్టు 2025

స్నేహకు,

ఆమె పాఠకురాలు కాదు. ఆమెకు చదువే రాదు.

వచ్చినప్పటినుంచి చూస్తున్నాను. కింది పెదవి ఎప్పుడూ పళ్ళ మధ్యనే ఉంటుంది. నొప్పి కాదా అని అడిగాను. పెదవి బిగబట్టింది అని రాశారట, ఆ తర్వాత వదిలినట్టు రాయలేదట. ఏడుపు వస్తే ఏడువమ్మా అన్నాను. అది కూడా రాయలేదట. కాజీపేటలో రాంచందర్ అనే ఆయన తన కోసం నిలబడి ఉంటాడని తెలుసు. ఎలా ఉంటాడంటే తెలియదు. “ఆయనకు మొఖం పెట్టలే అక్కా. తెల్లంగి ఒక్కటే ఉన్నది” అంది. నవ్వులాటకు చెప్పలేదు.

బండి ఎక్కిన తర్వాత ఆమెకు ఏమీ లేదు. పుస్తకం అక్కడితో అయిపోయిందట. వరంగల్లో దిగితే కాళ్ళు ఈ ఇంటికి తీసుకొచ్చాయి. రాసినామెకు తెలిసిన ఇల్లు ఇదొక్కటే అంది.

తర్వాత నేను అడగకపోయినా చెప్పింది. పొద్దున అత్త ఏ మాట అన్నదో. ఏ పెట్టెలోంచి చీర తీసిందో. ఉయ్యాల తాడు ఒకసారి లాగి వదిలి, అది ఊగుతుండగానే ఎలా తలుపు దాటిందో.

స్నేహా, ఆ మాటలు నేను ఈ లోకంలో ఒక్కరికే చెప్పాను. అమ్మ సంవత్సరీకం నాడు, దీపం ముందు కూర్చొని నీకు చెప్పాను. నువ్వు దీపం మీద చెయ్యి పెట్టి ఎవరికీ చెప్పనన్నావు. చెయ్యి కాలుతుందని నేనే పక్కకు తీశాను.

నిన్న నీ పుస్తకం చదివాను.

సింధు మూడు నెలల పిల్లగా ఉన్నప్పుడు, మేము ఇంకా నెక్కొండలో ఉన్నప్పుడు, నేను బిడ్డను ఇంట్లో వదిలి స్టేషనుకు పోయిన మాట నిజం. టికెట్టు కొన్నాను. బండి వచ్చింది. ఎక్కలేదు. తిరిగి ఇంటికి వచ్చాను. జరిగింది అంతే. నువ్వు ఎక్కించావు. కాజీపేటలో మగమనిషిని నిలబెట్టావు.

ఆ మనిషి ఎవరు?

ఫోన్ చేయకు. ఫోన్ దుకాణంలో మోగుతుంది. ఇవి గల్లాపెట్టె దగ్గర మాట్లాడే మాటలు కావు.

అక్క


హైదరాబాద్
3 సెప్టెంబర్ 2025

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నీకు కోపం వస్తుందని తెలుసు, అందుకే పక్కన కూర్చొని చదివి వినిపిస్తానన్నాను. కానీ కోపాన్ని ఇలా ఒక మనిషిని సృష్టించి చెప్తావనుకోలేదు. నేరుగా తిట్టొచ్చు కదా. “చిలుకమ్మ ఇలా అంది, చిలుకమ్మ అలా అంది” అని రాస్తే నాకు అర్థం కాదనుకున్నావా? ఆయనకు మొఖం పెట్టలేదన్న మాట మాత్రం బాగుంది. విమర్శకులు కూడా అంత బాగా పట్టుకోలేదు. మన ఇంట్లో అసలు రచయితవు నువ్వేనేమో.

ఒక్క మాట నమ్ము. అది నీ కథ కాదు. పేరు మార్చాను, అత్త పోలిక మార్చాను. ప్రతి ఇంట్లోనూ ఒకరోజు గడప దాటుదామనుకున్న ఆడమనిషి ఉంటుంది. వాళ్ళందరికీ అది చేరాలంటే ఆమె బండి ఎక్కాలి. ఎక్కకుండా ఇంటికొస్తే కథ ఏముంది? ఇక ఆ రాంచందర్, ఊరికే అలా వచ్చాడు. ఆమె ఎక్కడికి పోతుందో పాఠకుడికి ఒక దిక్కు చూపించాలి కదా. నువ్వు ముప్పై ఏళ్ళు లోపల దాచుకున్నదానికి నేను గొంతు ఇచ్చాను. చదివినవాళ్ళు ఏడుస్తున్నారు తెలుసా?

దీపం మాట నాకు గుర్తుంది. కానీ రాయడం, చెప్పడం ఒకటే కాదు అక్కా.

నీ ఆరోగ్యం ఎలా ఉంది? నిద్ర పడుతోందా? వ్రతాలని ఉపవాసాలు ఎక్కువ చేస్తున్నావు. ఒంటరిగా కూర్చొని వత్తులు చేస్తుంటే మనసు ఎటెటో పోతుంది. నిజంగా అడుగుతున్నాను, ఆ పిల్ల ఇంట్లో నీకు తప్ప ఇంకెవరికైనా కనిపిస్తోందా?

నీ
స్నేహ


మట్టెవాడ
14 సెప్టెంబర్ 2025

స్నేహకు,

అందరికీ కనిపిస్తోంది. పద్మ ఆమెతో జడ వేయించుకుంటోంది. మీ బావ ఆమె చేసిన వత్తుల కట్టలు వేరే గంపలో పెట్టి అమ్ముతున్నారు.

పద్మ కోడలు మొన్ననే పురిటి నుంచి వచ్చింది. ఆ పసిపిల్ల గోడ అవతల గుక్కపట్టి ఏడ్చినా చిలుకమ్మ వత్తి చేసే చెయ్యి ఆపదు. మూడు నెలల బాలింత. నాకు వింతగా ఉంది.

పేరు మార్చానన్నావు. ఇల్లు మార్చలేదు. నెక్కొండ ఇల్లని చెప్పి ఈ ఇంటినే దించావు. ఆకుపచ్చ తలుపు, వాకిట్లో దూది మూటలు, గూట్లో చెంబు. మొన్న గుడి వీధి నుంచి వత్తులకొచ్చే ఒకామె కట్ట చేతిలోకి తీసుకుంటూ, “కాజీపేటాయన మంచిగున్నడా వినోదమ్మా?” అంది. పక్కనున్న ఇద్దరు కొంగు అడ్డం పెట్టుకున్నారు. నేను చిల్లర ఇచ్చి పంపాను.

మీ బావ విన్నారు. దుకాణం కట్టేసి వచ్చి భోజనానికి కూర్చున్నారు. తిన్నాక, “కాజీపేటల ఎవడు లేడు. నాకెర్కే” అన్నారు. ఎలా తెలుసని అడిగాను. “ఆ దినం తలుపు తీసింది నేనే గద” అన్నారు. అంతే. ఆనాడు నేను స్టేషను నుంచి వస్తే ఎందుకు పోయావని అడగలేదు, ఎందుకు వచ్చావని అడగలేదు. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు తోడి ఇచ్చారు. అడగకపోవడం వేరు స్నేహా. అడగకుండా రాయడం వేరు.

రెండు మాటలు అడుగుతున్నాను.

మొదటిది. ఆ పిల్లకు ఇంటికి పోవాలని ఉంది. రోజూ సంచి సర్దుకొని గడప దాకా వస్తుంది. అక్కడ నిలబడిపోతుంది. పుస్తకంలో బండి ముందుకే పోతుంది. వెనక్కి తోవ లేదు. నువ్వు రాసినదానివి, నువ్వే దింపు. మళ్ళీ అచ్చు వేసేటప్పుడు ఆమెను ఇంటికి పంపు.

రెండోది. సింధుకు ఏమీ చెప్పకు. ఆమెకు ఏడో నెల వస్తోంది. తల్లి తనను ఉయ్యాలలో వదిలి పోయిందని ఈ సమయంలో తెలియకూడదు. కాన్పయ్యాక నేనే చెప్తాను. ఇది ఒట్టు కాదు. ఒట్టు వేయించుకోను. అడుగుతున్నాను.

నీ ఒడి బియ్యం ఎండకు ఆరబెట్టి మళ్ళీ పోసి పెట్టాను.

ఆశీస్సులతో,
అక్క


హైదరాబాద్
22 సెప్టెంబర్ 2025

అక్కా,

నీ ఉత్తరం రేపో మాపో వస్తుందని చూసి చూసి ఉండబట్టలేకపోయాను. అది నిన్న చేతికి వచ్చేసరికే నేను చేయాల్సింది చేసేశాను. ముందే చెప్తున్నాను, నీ మంచికే.

పోయిన వారం సింధుకు ఫోన్ చేశాను. అమ్మ మనసు బాగాలేదు, పుస్తకంలో మనిషి ఇంటికొచ్చిందంటోంది, హనుమకొండలో మంచి డాక్టరు ఉన్నాడు, నువ్వూ మీ ఆయన భానుచందరూ వెళ్ళి చూపించండి అన్నాను. ఏ పుస్తకం చిన్నమ్మా అంది. ఎందుకు ఇదంతా వచ్చిందో దానికి అర్థం కావాలి కదా. పుస్తకం పంపాను. ఇందులో కొంత మీ అమ్మదే అని కూడా చెప్పాను. పెద్దపిల్ల, చదువుకున్నది, ఉద్యోగం చేస్తోంది. నువ్వు దాన్ని ఇంకా ఉయ్యాలలో పిల్లలాగే చూస్తున్నావు.

ఇక మార్చడం సంగతి. కుదరదు అక్కా. రెండో ముద్రణ అచ్చుకు వెళ్ళిపోయింది. ఒక సంస్థ వాళ్ళు బహుమతి కూడా ఇస్తున్నారు, అక్టోబరు చివర్లో సభ. చివరి పేజీ గురించే అందరూ మాట్లాడుతున్నారు. దాన్నే తీసేస్తే ఇంకేం మిగులుతుంది?

సభ అయ్యాక ఒడి బియ్యానికి తప్పకుండా వస్తాను. అప్పటికి నీ కోపం తగ్గుతుంది. నాకు తెలుసు, నీకు కోపం ఎక్కువ రోజులు నిలవదు.

స్నేహ


మట్టెవాడ
3 అక్టోబర్ 2025

స్నేహకు,

నిన్న దసరా. జమ్మి ఆకు పెట్టి మొక్కడానికి సింధు వస్తుందనుకున్నాను. రాలేదు. ఫోన్ చేసింది.

“నన్ను ఇడిసిపెట్టి పోయినవట గదమ్మా. మరి నా బిడ్డనెట్ల నీ చేతుల పెట్టాలె?” అంది.

కాన్పుకు రాదట. అత్తవారింట్లోనే ఉంటుందట.

లోపలి గది తలుపు వేశాను.

వినోద


హైదరాబాద్
11 అక్టోబర్ 2025

అక్కా,

ఫోన్ ఎత్తడం లేదు నువ్వు. సింధు కూడా ఎత్తడం లేదు. అది ఇలా తీసుకుంటుందని నేను నిజంగా అనుకోలేదు. ఎక్కింది చిలుకమ్మ, మా అమ్మ కాదు అని దానికి తెలియదా? నవలకూ నిజానికీ తేడా తెలియని పిల్ల కాదే. పుస్తకం చదివిన రోజు రాంచందర్ ఎవరని నన్నూ అడిగింది. ఎవరూ కాదని చెప్పాను. నమ్మలేదు.

భానుచందర్‌తో మాట్లాడతాను. నెమ్మదిగా సర్దుకుంటుంది. నువ్వు మనసులో పెట్టుకోకు. ఉత్తరం కింద “అక్క” అని రాయడం మర్చిపోయావు.

స్నేహ


మట్టెవాడ
6 నవంబర్ 2025

స్నేహకు,

నిన్న కార్తీక పౌర్ణమి. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఇది నీకు తెలియాలి.

పొద్దున దుకాణం ముందు జనం. భానుచందర్ బండి వచ్చి ఆగింది. సింధు దిగింది. చేతిలో నీ పుస్తకం ఉంది. నన్ను నాలుగు మాటలు అడిగి పోదామని వచ్చిందట. లోపలికి వచ్చి వాకిట్లోనే ఆగిపోయింది. దూది కుప్ప పక్కన చిలుకమ్మ కూర్చొని ఉంది. సింధు ఆమె మొహం చూసింది, నా మొహం చూసింది, చేతిలో పుస్తకం చూసింది.

చిలుకమ్మ లేచి పీట వేసింది. కడుపుతో ఉన్నవాళ్ళు నిలబడొద్దంది. సింధు కూర్చోలేదు.

“బిడ్డను ఇడిసిపెట్టి పోయింది నువ్వేనా?”

“నేనే.”

“ఎందుకు పోయినవ్?”

“నాకు తెల్వదు బిడ్డా. ఎక్కిందని రాసిండ్రు, ఎక్కిన.” నా వైపు చెయ్యి చూపింది. “ఆమె ఎక్కలే. ఎందుకెక్కలేదో ఆమెనడుగు.”

సింధు పీట మీద కూర్చుంది. నన్ను అడిగింది. “ఎందుకొచ్చినవమ్మా ఇంటికి?”

ముప్పై ఏళ్ళలో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి నా బిడ్డ. చెప్పాను. ఇద్దరికీ వినబడేట్టు చెప్పాను. ఇక్కడ రాయడం లేదు.

సింధు విన్నాక పీట జరుపుకొని వచ్చి నా ఒళ్ళో తల పెట్టింది. చిలుకమ్మ మాత్రం వత్తి చేసే చెయ్యి ఆపి, “నాకట్ల కాలే అక్కా” అంది. “గా మాట నాకు రాయలే.” అయ్యో అనిపించింది. ఆమె తప్పు ఏముంది?

అప్పుడు ఆమె ఇంటికి పోతానంది. మళ్ళీ గడప దాకా వచ్చి మళ్ళీ నిలబడింది. సింధు నన్ను చూసింది. నాకు అమ్మవారు ఆ నిమిషంలోనే దారి చూపించింది.

నీ పుస్తకంలో చిలుకమ్మకు తల్లి లేదు, తోబుట్టువు లేదు, పుట్టిల్లు లేదు. పోవడానికి పుట్టిల్లు లేని మనిషికి బండి తప్ప ఏముంటుంది? నువ్వు పుట్టిల్లు రాయలేదు. మేము పుట్టిల్లయ్యాం.

తూర్పు ముఖంగా పీట వేసి కూర్చోబెట్టాను. బియ్యానికి పసుపు పట్టించాను. ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, రవికగుడ్డ పెట్టాను. కొంగు పట్టమన్నాను. దోసిళ్ళతో పోశాను. సింధు కూడా వంగలేక వంగి పోసింది. పుట్టింట్లో ఒడి బియ్యం పోసుకున్న ఆడబిడ్డ ఇంటికి పోయి పొయ్యి వెలిగించాలి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రాసినవాళ్ళది కూడా.

దారిలో కొంగు విప్పొద్దని చెప్పాను. “ఇప్ప అక్కా. ఇంటికి పోయి వండుత” అంది. గడప దాటింది. ఈసారి నిలబడలేదు.

మీ బావ ఆటోలో స్టేషనుకు తీసుకుపోయి నెక్కొండ వైపు పోయే పాసింజర్ ఎక్కించి వచ్చారు. కొంగు రెండు చేతులా పట్టుకొని కిటికీ పక్కన కూర్చుందట. పళ్ళ కింది నుంచి పెదవి వదిలిందట. ఏడుస్తోందని చెప్పారు.

సింధు బట్టల సంచి బండిలోంచి దింపించింది. లోపలి గది తలుపు తీశాను.

వినోద


హైదరాబాద్
15 నవంబర్ 2025

అక్కా,

ఎలా రాయాలో తెలియడం లేదు.

నిన్న ఒక పాఠకుడు ఫోన్ చేసి, ముగింపు ఎప్పుడు మార్చారు మేడం అని అడిగాడు. మార్చలేదన్నాను. అతను చదివి వినిపించాడు. నా బల్ల మీదున్న పుస్తకం తీసి చూశాను. రెండో ముద్రణ కట్ట విప్పి చూశాను. ప్రచురణకర్త గోదాములో చూశాడు. అన్నిట్లో అదే ఉంది.

చిలుకమ్మ నెక్కొండలో బండి దిగుతుంది. కొంగు నిండా బియ్యం. ఇంటికి పోయి పొయ్యి వెలిగిస్తుంది. వండి అందరికీ వడ్డిస్తుంది. తర్వాత ఉయ్యాల దగ్గరికి పోయి బిడ్డను ఎత్తుకుంటుంది. అక్కడితో అయిపోతుంది. రాంచందర్ పేరున్న చోటల్లా తెల్లగా ఖాళీ ఉంది. ఆ చివరి వాక్యాలు నావి కావు అక్కా. చిన్న చిన్నవి. నీ ఉత్తరాల్లో ఉండేవి.

నువ్వు మొదటినుంచీ నిజమే రాశావు. నేను నిన్ను డాక్టరుకు చూపించమన్నాను. ఎన్ని మాటలన్నానో తలచుకుంటే సిగ్గేస్తోంది. క్షమించు.

కానీ అక్కా, ఒక్క సంగతి నన్ను తినేస్తోంది. ఆమె ఎందుకు తిరిగొచ్చిందో పుస్తకంలో లేదు. ఒడి బియ్యం వల్ల అని నాకు తెలుసు, నువ్వు రాశావు కాబట్టి. కానీ చదివేవాళ్ళకు ఏం తెలుసు? లోపల ఏదో ఉంది. నువ్వు వాళ్ళిద్దరికీ చెప్పినది. అందరూ అదే అడుగుతున్నారు. నా పాత్ర ఎందుకు వెనక్కొచ్చిందో నాకే తెలియకపోతే నేనేం రచయితను? ఒక్క వాక్యం రాసి పంపు. మూడో ముద్రణలో చేరుస్తాను. కావాలంటే నీ పేరు పెడతాను.

సింధుకు తొమ్మిదో నెల దగ్గరపడింది కదా, చూడాలని ఉంది. 30వ తేదీ ఆదివారం మంచిరోజట. ఒడి బియ్యానికి ఆ రోజు వస్తాను. ఈసారి తప్పకుండా వండుతాను, ఒట్టు.

నీ చెల్లె
స్నేహ


మట్టెవాడ
24 నవంబర్ 2025

స్నేహలతకు,

సింధు బాగుంది. కాళ్ళు కొంచెం వాచాయి. లోపలి గదిలో పడుకుంది.

చిలుకమ్మ ఎందుకు తిరిగొచ్చిందని అడిగావు. నేను ఎందుకు తిరిగొచ్చానని నువ్వు ఎన్నడూ అడగలేదు. అమ్మ సంవత్సరీకం నాడు దీపం ముందు కూర్చొని చీర రంగు అడిగావు. సంచిలో ఏం పెట్టుకున్నావని అడిగావు. స్టేషనులో ఇంకెవరున్నారని అడిగావు. చెల్లెకు నా మీద ఎంత ప్రేమ అనుకున్నాను. అన్నీ చెప్పాను. ఆ ఒక్కటి అడగలేదు. అడిగి ఉంటే అది కూడా ఆనాడే చెప్పేదాన్ని.

ఇప్పుడు అడిగావు. పుస్తకం కోసం అడిగావు.

అది నా బిడ్డకు చెప్పాను. అక్కడే ఉంటుంది.

ఆదివారం రావద్దు. నీకని తీసి పెట్టిన బియ్యమే చిలుకమ్మ ఒడిలో పోశాను. ఇంట్లో వేరే బియ్యం లేక కాదు. డబ్బా ముందు నిలబడి ఒక నిమిషం ఆలోచించే పోశాను. ఆమె వండింది. నువ్వు చదివావు కదా.

డబ్బా కడిగి బోర్లించాను. మళ్ళీ ఎప్పుడు నింపుతానో నాకు తెలియదు.

పొద్దున దీపం పెట్టేటప్పుడు ఎప్పటిలాగే నీ పేరు చెప్పుకుంటున్నాను. చిలుకమ్మ పేరు కూడా చెప్పుకుంటున్నాను. అది మానను.

వినోద